ఇస్త్రీ అత్తయ్యకి వచ్చిన వారెంటు

కళ్ళద్దాల దుకాణంలో కోడలు ఒక పెద్దాయన ముక్కు మీద కొత్త ఫ్రేము నిలబెట్టి, చెవుల వెనక కాడలు కాస్త వంచి, "ఇప్పుడు తల ఊపండి, జారుతోందా?" అని అడుగుతుండగా ఫోను మోగింది. పెద్దాయన తల ఊపుతూనే ఉన్నాడు, ఫోను మోగుతూనే ఉంది. ఇక తప్పదని తీసింది. అవతల ఆమె భర్త.

"అమ్మని అరెస్టు చేస్తారట," అన్నాడు. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"ఎవరమ్మని?"

"ఎవరమ్మనేమిటే! మా అమ్మని. మీ అత్తగారిని."

కోడలికి ముందు నవ్వొచ్చింది. అత్తగారు వీధి చివర ఇస్త్రీ కొట్టు నడుపుతుంది. ఏళ్ళు అరవై దాటాయి. జేబులో ఎవరైనా తాళంచెవి మర్చిపోతే కాగితంలో చుట్టి మళ్ళీ అదే జేబులో పెట్టి ఇస్తుంది. ఒకసారి ఎవరో కుర్రవాడి చొక్కాలో ప్రేమలేఖ దొరికితే, అక్షరం చదవకుండా, దానికీ ఇస్త్రీ పెట్టి ఇచ్చింది. అలాంటి మనిషిని అరెస్టు చేయడమా?

"ఎందుకట?" అంది.

"అడగలేదు."

"అడగలేదా?"

"తలుపు తీస్తే ఎదురుగా పోలీసు టోపీ. అమ్మ పేరు పూర్తిగా చదివి, ఇక్కడే ఉంటుందా అన్నాడు. అలాంటివాళ్ళెవరూ లేరని తలుపేసేశా. అతను ఎదురింటి ఆవిడ దగ్గరికెళ్ళి వారెంటు అంటున్నాడు, కిటికీలోంచి విన్నా. మనకెందుకొచ్చిన గొడవని ఆవిడ కూడా తెలీదని పంపేసింది."

ఎదురింటి ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. రేపటికల్లా వీధంతా తెలిసిపోయినట్టే. కోడలు పెద్దాయనకి కళ్ళద్దాలు డబ్బాలో పెట్టి ఇచ్చి, దుకాణం యజమానిని అడిగి గంట ముందే బయల్దేరింది. దారి పొడుగునా భర్త మీద కోపం, జాలి రెండూ వంతులేసుకున్నాయి. ఆయన లిఫ్టు మెకానిక్. పదో అంతస్తులో చీకటి గొయ్యి మీద వేలాడుతూ, నోట్లో స్పానరు పెట్టుకుని, కూనిరాగం తీస్తూ పని చేస్తాడు. అంతటివాడు పోలీసుని చూస్తే మాత్రం పిల్లిని చూసిన ఎలుకైపోతాడు. ఏ తప్పూ చేసి కాదు, పుట్టుకే అంత.

ఇంటికి చేరేసరికి ఆయన కర్టెన్లన్నీ వేసేసి హాల్లో పచార్లు చేస్తున్నాడు.

"ఆలోచించా," అన్నాడు. "ఆ కాంట్రాక్టరు ప్యాంటే. ఆ మధ్య అమ్మ కాల్చింది చూడు, తొడ దగ్గర, ఇస్త్రీపెట్టె అచ్చు పడేలా. అప్పుడే అన్నాడు, 'దీని సంగతి చూస్తా' అని."

"ప్యాంటు కాలితే జైల్లో పెడతారాండీ?"

"ఖరీదైన ప్యాంటే!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అత్తగారు చేసిన పాపాలన్నీ ఆయన ఒక్కొక్కటే తడుముకుంటున్నాడు. మేడమీది వాళ్ళ కర్టెను కుంచించుకుపోవడం, పంపు దగ్గర పక్కకొట్టు మనిషిని నాలుగు మాటలు అనడం. ఏ పాపమూ వారెంటు దాకా ఎక్కేలా లేదు. అయినా ఆయన అప్పటికే ఉపాయం ఆలోచించేశాడు. పనిచోట స్నేహితుడు చెప్పాట్ట: మూడు నెలలు కనబడకుండా ఉంటే వారెంటు దానంతటదే చచ్చిపోతుందని. అందుకని అమ్మని ఆవిడ చెల్లెలింటికి పంపేయాలి. ఎందుకో మాత్రం ఆవిడకి చెప్పకూడదు.

"పిన్నికి మోకాళ్ళ నొప్పులని చెబుదాం," అన్నాడు. "అమ్మ వెంటనే వెళ్తుంది."

కోడలికి ఇష్టం లేకపోయింది. కానీ ఆ మనిషి అప్పటికే తల్లి సంచి దించి దుమ్ము దులుపుతుంటే కాదనలేకపోయింది. ఆ సాయంత్రం అత్తగారు కొట్టు కట్టేసి, గంజివాసనతో, చెమటతో ఇంట్లో అడుగుపెట్టగానే కొడుకు అబద్ధం చెప్పేశాడు. ఆవిడ "అయ్యో, పిచ్చిది, ఒక్కతీ ఎలా ఉందో" అంటూ సంచి సర్దుకుని, వేడి తైలం సీసా కూడా పెట్టుకుని బస్సెక్కింది.

మర్నాడు పొద్దున్నే ఫోను చేసింది. "అమ్మాయ్, మీ చిన్నత్తయ్య నాకంటే హుషారుగా మెట్లెక్కుతోందే! తైలం రాస్తానంటే చక్కిలిగింతలని పారిపోతోంది. నన్నెందుకు పంపారు మీరు?"

 భర్త పక్కనుంచి 'చెప్పకు, చెప్పకు' అని చేతులూపుతున్నాడు. "సాయంత్రం వస్తా అత్తయ్యా," అని కోడలు పెట్టేసింది.

సాయంత్రం వెళ్ళింది. అక్కచెల్లెళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. కోడలు చెప్పులు కూడా విప్పకుండా, ఉన్నదున్నట్టు చెప్పేసింది. వారెంటన్న మాట వినగానే చిన్నత్తయ్య ఒళ్ళోంచి గిన్నె జారి బఠాణీలు మెట్లన్నీ దొర్లాయి. అత్తగారు చేతిలోని కాయ పక్కన పెట్టింది. 

"నా పేరే అన్నాడా? ఇంటిపేరుతో సహా?"

"అవునత్తయ్యా."

"నేనేం చేశానే?"

 ఎప్పుడూ నలుగురి మధ్య గలగలా మాట్లాడే మనిషి ఆ పూట నీరుగారిపోయి కూర్చుంది. ఇస్త్రీపెట్టె పట్టి పట్టి కాయలు కాచిన అరచేతులు ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి. కోడలు పక్కన కూర్చుని ఒక చెయ్యి తీసుకుంది. కాసేపటికి ఆవిడే లేచింది. లోపలికెళ్ళి సంచి తెచ్చింది.

"పద, ఇంటికెళ్దాం. నేను దాక్కుంటే నా కొట్టు ఎవరు తీస్తారు? పెళ్ళివారి బట్టలున్నాయి, రేపటికివ్వాలి. జైలుకే వెళ్ళాల్సొస్తే అవి ఇచ్చేసి వెళ్తా." గుమ్మం దాటుతూ ఆగింది. "జైల్లో ఇస్త్రీ పనుంటుందంటావా?"

"ఉంటే మీరే హెడ్డు అత్తయ్యా," అంది కోడలు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వాక భయం కాస్త తగ్గినట్టనిపించింది.

మర్నాడు కోడలు సెలవు పెట్టి కోర్టుకి వెళ్ళింది. అంతవరకూ ఆ భవనం మెట్లు కూడా ఎక్కి ఎరగదు. పొడుగాటి వరండా, తలుపుల మీద నంబర్లు, నల్లకోట్ల హడావిడి, బెంచీల మీద నిద్రపోతున్నవాళ్ళు, నిద్ర రాక గోళ్ళు కొరుక్కుంటున్నవాళ్ళు. ఎవరిని అడగాలో తెలియక తిరుగుతుంటే ఒకడు దగ్గరికొచ్చాడు. చంకలో ఫైలు ఉంది గానీ ఒంటిమీద కోటు లేదు. "ఏ పనైనా చేయిస్తాను, లోపల నా మనుషులున్నారు," అన్నాడు. కోడలు అతన్ని ఎగాదిగా చూసి, "లోపల మీ మనుషులుంటే మీరు బయటెందుకున్నారండీ?" అని ముందుకి నడిచింది. నీళ్ళ కుండ దగ్గర నిలబడ్డ బంట్రోతు అది విని నవ్వి, వరండా చివర గది చూపించాడు. "ఉచిత న్యాయ సహాయం, అక్కడ అడుగమ్మా. డబ్బు తీసుకోరు."

గది చిన్నది. ఒకదానికొకటి పోలిక లేని రెండు కుర్చీలు, సీసాలో పెంచిన తీగమొక్క. బల్ల వెనక యాభై ఏళ్ళ లాయరమ్మ. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారుతుంటే మధ్యవేలితో పైకి నెడుతూ, పెసర గింజలు నములుతూ కాగితాలు చదువుతోంది.

"కూర్చో అమ్మా. ముందు ఊపిరి తీసుకో," అంది. "వారెంటు కాగితం చూశారా?"

"లేదండీ."

"ఏ కోర్టు, ఏ కేసు?"

"తెలీదండీ."

"ఆవిడ ముద్దాయా, ఎవరికైనా జామీను ఉన్నారా, సాక్షా?"

"అన్ని రకాలుంటాయాండీ?"

లాయరమ్మ కాగితాలు పక్కన పెట్టింది. "ఉంటాయి. వారెంటనగానే అందరికీ సంకెళ్ళే కనబడతాయి. వారెంటంటే శిక్ష కాదమ్మా. 'ఫలానా మనిషిని నా ముందుకి తీసుకురండి' అని జడ్జిగారు పోలీసులకిచ్చే ఉత్తర్వు, అంతే. అందులో మెత్తవీ ఉన్నాయి, గట్టివీ ఉన్నాయి. మెత్తదైతే, ఫలానా రోజు కోర్టుకొస్తానని పూచీ రాసిస్తే పోలీసులే వదిలేస్తారు. గట్టిదైతే జడ్జిగారి దాకా వెళ్ళాల్సిందే. ఏ రకమో తెలియకుండా భయపడటం ఎందుకు?"

"మూడు నెలలు దాక్కుంటే వారెంటు చచ్చిపోతుందని మా ఆయనకెవరో చెప్పారండీ."

"చావడానికి అదేమన్నా దోమా?" లాయరమ్మ పకపకా నవ్వింది. "కోర్టు రద్దు చేసేదాకా బతికే ఉంటుంది. దాక్కున్నకొద్దీ మెత్తది గట్టిదవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకుంటారు జనం. మన కాళ్ళ మీద మనం నడిచెళ్ళి, అయ్యా ఇదీ సంగతని చెప్పుకుంటే, పదింట తొమ్మిది అక్కడికక్కడే తేలిపోతాయి. అత్తగారి పేరు చెప్పు."

పేరు, వయసు, ఇంటి చిరునామా రాసుకుని లాయరమ్మ బయటికెళ్ళింది. కోడలు తీగమొక్కని చూస్తూ కూర్చుంది. ప్యాంటా? కర్టెనా? పంపు దగ్గర తగువా? తలుపు తెరుచుకుంది. లాయరమ్మ ముఖం వెలిగిపోతోంది.

"మీ అత్తగారు ముద్దాయి కాదమ్మా. సాక్షి!"

"సాక్షా?"

"రెండేళ్ళ కిందట నాలుగురోడ్ల మొగలో సైకిలు మీద వెళ్ళే గుమాస్తా ఒకాయన పడి కాలు విరిగింది. గుర్తుందా?"

కోడలికి ఒక్కసారిగా గుర్తొచ్చింది. అప్పట్లో అత్తగారి ఇస్త్రీ బండి ఆ మొగలోనే ఉండేది. పోలీసులు వచ్చి తన మాట రాసుకున్నారని నెల రోజులు అందరికీ చెప్పుకుంది. తర్వాత రోడ్డు వెడల్పు చేస్తూ అక్కడి బళ్ళన్నీ తీయించేశారు. అత్తగారు వీధి చివర కొట్టు తీసుకుంది. ఆ ప్రమాదాన్ని అందరూ మర్చిపోయారు.

"కోర్టు మర్చిపోలేదు," అంది లాయరమ్మ. "రమ్మని సమన్లు పంపారు. ఎక్కడికి? ఆ మొగలోని ఇస్త్రీ బండికి. అక్కడ బండీ లేదు, మొగా లేదు. కాగితం వెనక్కొచ్చింది. మళ్ళీ పంపితే మళ్ళీ వెనక్కొచ్చింది. సాక్షి కావాలనే తప్పించుకుంటోందనుకుని వారెంటు ఇచ్చారు. మెత్తదే, భయం లేదు. పాపం ఆ కానిస్టేబులు ఎలాగో ఇల్లు కనుక్కుని వెళ్ళాట్ట. తలుపు తీసినవాడెవడో అలాంటివాళ్ళెవరూ లేరని మొహం మీదే వేసేశాడట. అదీ కాగితం మీద ఎక్కింది."

కోడలు నేల చూపులు చూసింది. "ఆ తలుపు వేసింది మా ఆయనేనండీ."

లాయరమ్మ కొంచెంసేపు నవ్వాపుకోవడానికి ప్రయత్నించి, కుదరక నవ్వేసింది. "అయితే ఆయన్నీ తీసుకురా. జడ్జిగారు అడిగితే నిజం చెప్పమను. భయపడ్డానంటే అర్థం చేసుకుంటారు. అబద్ధం మీద అబద్ధం పేర్చితే ఎవరూ అర్థం చేసుకోరు. ఎల్లుండి కేసు ఉంది. పొద్దున్నే రండి, వారెంటు రద్దు చేయమని నేను పిటిషన్ వేస్తా."

కోడలు లేచి నిలబడి, ఉండబట్టలేక అడిగేసింది. "ఏమనుకోకండి, ఒకసారి మీ కళ్ళద్దాలిస్తారా?" హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, కాడల మరలు బిగించి, కొసలు వేళ్ళతో వంచి ఇచ్చింది. లాయరమ్మ పెట్టుకుని, కిందికి వంగి, పైకి చూసి, గట్టిగా తల విదిలించింది. అంగుళం కదల్లేదు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా నువ్వు!" అంది.

ఇంట్లో ఈ సంగతి చెప్పగానే లిఫ్టు మెకానిక్ కుర్చీలో కూలబడ్డాడు. "సాక్షా! ముందే చెప్పొద్దూ!" అన్నాడు, ఎవరో తనని మోసం చేసినట్టు. అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని కొడుకు ముందు నిలబడింది.

"ఒరేయ్ నాన్నా, ఆ కానిస్టేబులుని 'ఎందుకండీ' అని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది కదరా. నా చెల్లెలి మోకాళ్ళకి లేనిపోని జబ్బు అంటగట్టావు."

"భయమేసిందమ్మా."

"నాకూ వేసింది. అయితే?" అని కొడుకు నెత్తి మీద మెల్లిగా ఒక్కటి వేసి వంటింట్లోకి వెళ్ళింది.

కోర్టు రోజున ఆవిడ తెల్లవారకముందే లేచి లేతనీలం చీర తనే ఇస్త్రీ చేసుకుంది. కొడుకు చొక్కా కూడా చేసింది, కాలరు నిలబడేలా. కోడలికి ఆవిడ ముఖంలో భయం కంటే వేరే ఏదో కనబడింది. జీవితమంతా ఊరివాళ్ళ బట్టలు మడతపెట్టిన మనిషిని ఇప్పుడొక కోర్టు పేరు పెట్టి పిలుస్తోంది, నీ మాట మాకు కావాలంటోంది. చెప్పులు వేసుకుంటూ ఆవిడ కూనిరాగం తీస్తోంది. కొడుక్కి ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో కోడలికి అప్పుడు తెలిసింది.

కోర్టు వరండాలో మొదట ఎదురైంది ఆ కానిస్టేబులే. నడివయసు మనిషి, చేతిలో టీ గ్లాసు. లిఫ్టు మెకానిక్‌ని చూసి ఆగాడు.

"అలాంటివాళ్ళెవరూ లేరన్న బాబు మీరే కదూ?"

మెకానిక్ ముఖం సున్నం వేసిన గోడలా అయింది. పారిపోతాడేమోనని కోడలు మోచెయ్యి పట్టుకుంది. ఆయన పారిపోలేదు. గొంతు సవరించుకుని, "నేనేనండీ. భయంతో అబద్ధం చెప్పా. క్షమించండి. ఈవిడే మా అమ్మ," అన్నాడు.

కానిస్టేబులు నవ్వాడు. "ఇది నయం బాబూ. మొన్న ఒకాయనైతే తను తన ఇంట్లోనే అద్దెకుంటున్నానని చెప్పాడు. రండమ్మా, ఈ బెంచీ మీద ఫ్యాను గాలి బాగా తగులుతుంది." వెళ్ళి ఇంకో మూడు టీలు పట్టుకొచ్చాడు. మెకానిక్ ఆ గ్లాసుని ప్రసాదంలా రెండు చేతులా అందుకున్నాడు.

బంట్రోతు పేరు పిలిచాడు. లోపల జడ్జిగారు నెమ్మదైన గొంతుగల మనిషి. లాయరమ్మ లేచి, సమన్లు పాత చోటికి వెళ్ళాయని, బండి తీసేశారని, ఇంటికి వచ్చిన కబురు కొడుకు భయం వల్ల చేరలేదని, తెలిసిన వెంటనే ఆవిడ తనంతట తనే వచ్చిందని నాలుగు ముక్కల్లో చెప్పింది.

జడ్జిగారు అత్తగారి వైపు చూశారు. "ఏమమ్మా, ఎందుకు రాలేదు?"

"పిలుపు అందలేదయ్యా. అందుంటే ముందురోజే వచ్చి కూర్చునేదాన్ని."

గదిలో చిన్న నవ్వు. జడ్జిగారు కూడా పెదవులు బిగబట్టుకున్నారు. తర్వాత మెకానిక్‌ని పిలిచి, కోర్టు కాగితం తెచ్చిన మనిషికి అబద్ధం చెప్పడం చిన్న విషయం కాదని, ఇంకోసారి అలా చేయవద్దని మందలించారు. ఆయన తలూపుతూ "చెయ్యనండీ, చెయ్యనండీ" అంటూనే ఉంటే చివరికి లాయరమ్మే చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. "వారెంటు రద్దు చేస్తున్నాం," అన్నారు జడ్జిగారు. అంతే. మూడు రోజులు ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసినది ఒక్క వాక్యంతో పోయింది. 

"ఇవాళే సాక్ష్యం చెబుతారా అమ్మా?"

"చెబుతానయ్యా. దానికే కదా వచ్చింది."

అత్తగారు బోనెక్కింది. ఎదురుగా, గోడవారన, ముద్దాయి నిలబడి ఉన్నాడు. రొట్టెల కంపెనీ వ్యాను డ్రైవరు, ముప్పై ఏళ్ళుంటాయేమో, చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. ఆవిడ వైపు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ప్రమాణం చేశాక ఆవిడ చూసిందంతా చెప్పింది.

"నేను దుప్పటి మడత పెడుతున్నానయ్యా. ఒక తెల్లకారు సందులోంచి వచ్చింది. అటూ ఇటూ చూడకుండా తిప్పేశాడు. సైకిలాయనకి వెనకనుంచి తగిలింది. ఆయన ఎగిరి పడ్డాడు. కారు ఆగలేదు, పోయింది. ఆ వెనకాల వస్తున్న రొట్టెల బండి కీచుమని ఆగింది. ఈ అబ్బాయి దిగి, పరుగెత్తి, ఆయన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు వచ్చారు జనం. పడ్డ మనిషి ఉన్నాడు, పక్కనే బండి ఉంది. ఇంకేం, ఇతన్నే పట్టుకున్నారు. కాదు కాదని నేను అరిచాను. ఆ గోలలో ఎవరు వింటారు?"

 సర్కారు తరఫు లాయరు లేచాడు. జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటూ అడిగాడు.

"అమ్మా, మీరు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఆ రోజు పెట్టుకున్నారా?"

 ఆ అద్దాలు కోడలే చేయించింది. ప్రమాదం జరిగిన చాలా నెలలకి. అత్తగారు అవునంటే బావుండునని ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు తర్వాత సిగ్గేసింది.

"లేదయ్యా," అంది అత్తగారు. "అప్పటికి అద్దాలు లేవు."

"అంటే, చూపు సరిగా లేకుండానే రోడ్డు అవతల జరిగింది చూశానంటున్నారు?"

"నాకు దూరం ఎప్పుడూ బాగానే కనబడుతుందయ్యా. ఈ వయసులో దగ్గరిదే అలుక్కుపోతుంది. సూదిలో దారం ఎక్కదు. ఈ అద్దాలు అందుకే." తీసి చేత్తో పట్టుకుంది. "ఇప్పుడు మిమ్మల్నీ, ఆ గోడమీది గడియారాన్నీ బాగానే చూస్తున్నా. నా చేతిలో ఉన్న ఈ అద్దాలే కనబడ్డం లేదు."

ఆ లాయరు తలూపి కూర్చున్నాడు. కాలు విరిగిన గుమాస్తా కూడా ఆ రోజు వచ్చాడు. తనకి వెనకనుంచి తగిలిందని, ఎవరు కొట్టారో చూడలేదని, కళ్ళు తెరిచేసరికి ఈ డ్రైవరు ఒళ్ళో ఉన్నానని అదివరకే చెప్పాట్ట. ఇప్పుడు బెంచీ మీద కూర్చుని అత్తగారి మాటకి మాటకీ తల ఊపుతున్నాడు.

బయట వరండాలోకి వచ్చేసరికి డ్రైవరు, అతని భార్య ఎదురుచూస్తున్నారు. భార్య అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. డ్రైవరే అన్నాడు.

"ఒక్క మాట చెప్పాలండీ. మీ మీద వారెంటు అడిగింది మేమే. మీరు చూశారని నాకు తెలుసు. ఆ రోజు కాదు కాదని అరిచింది మీరొక్కరే. పోలీసుల కాగితంలో మాత్రం మీరు జనం మూగడం చూశారనే ఉంది. ఆవిడ దొరకడం లేదు, వదిలేద్దామన్నారు అందరూ. మా లాయరు కూడా అన్నాడు. నేనే కాళ్ళావేళ్ళా పడి, ఎలాగైనా ఆవిడని పిలిపించండి అన్నాను. మీరు భయపడి ఉంటారు. తప్పయిపోయింది."

అత్తగారు అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "నన్ను అరెస్టు చేయించింది నువ్వా!"

అతను తల దించుకున్నాడు. ఆవిడ అతని చెంప మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంకాస్త ముందే చేయించకపోయావా నాయనా!"

అందరూ ఒకేసారి నవ్వారు. డ్రైవరు భార్య నవ్వుతూనే ఏడ్చేసింది. రెండేళ్ళుగా కంపెనీ అతన్ని బండి ముట్టుకోనివ్వలేదట. గోదాములో పెట్టెలు మోయిస్తున్నారట. లిఫ్టు మెకానిక్ అంతా విని, కళ్ళు తుడుచుకుని, అకస్మాత్తుగా కానిస్టేబులు దగ్గరికెళ్ళి "ఈసారి టీలు నావండీ" అన్నాడు. పోలీసు భుజం మీద ఆయన చెయ్యి వేయడం కోడలు కళ్ళారా చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత సాహసం ఎప్పుడూ చూడలేదు.

తర్వాత కొన్నాళ్ళకి తీర్పు వచ్చింది. డ్రైవరు నిర్దోషి. ఆ కబురు లాయరమ్మ ఫోను చేసి చెబితే, కొట్టులో అత్తగారు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చప్పట్లు కొట్టిందని, తన చొక్కా కాలలేదు కదాని అప్పుడక్కడున్న ఖాతాదారు కంగారుపడ్డాడని కోడలు దుకాణంలో అందరికీ చెప్పింది.

ఈలోగా అత్తగారికి వీధిలో కొత్త హోదా వచ్చింది. ఎవరింటికి ఏ కోర్టు కాగితం వచ్చినా ముందు ఇస్త్రీ కొట్టుకే తెస్తున్నారు. ఆవిడ అద్దాలు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి ఒకటే మాట చెబుతుంది. "దాక్కోకండి. బయట ఫైలు పట్టుకు తిరిగేవాడికి ఒక్క పైసా ఇవ్వకండి. వరండా చివర గదిలో మా లాయరమ్మ ఉంటుంది, వెళ్ళి అడగండి. సిగ్గేస్తే నేనొస్తా." నిజంగానే ఒకరిద్దరితో వెళ్ళింది కూడా. అక్కడి బెంచీల్లో ఏ బెంచీకి గాలి తగులుతుందో ఇప్పుడు ఆవిడకి తెలుసు.

ఒక ఆదివారం పొద్దున వీధి మొదట్లో హారను మోగింది. రొట్టెల వ్యాను. లోపల డ్రైవరు, ఇస్త్రీ చేసిన చొక్కాతో. కంపెనీవాళ్ళు బండి మళ్ళీ చేతికిచ్చారట. మొదటి రోజు మొదటి సవారీ అత్తగారిదేనని వచ్చాడు. ఆవిడ బస్సు తప్ప ఏ బండిలోనూ ముందు సీట్లో కూర్చుని ఎరగదు. కొంగు బిగించి ఎక్కింది. కోడలు పక్కన ఇరుక్కుంది. మెకానిక్ వెనక రొట్టెల ట్రేల మధ్య కూర్చుని, వేడి వేడి వాసనకి తట్టుకోలేక అప్పటికే ఒకటి తుంచాడు.

వ్యాను కదిలింది. డ్రైవరు రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని, ప్రతి సందు దగ్గరా ఆగి, అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ అటు చూసి నడుపుతున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. వెనకనుంచి గంట మోగించుకుంటూ ఒక సైకిలు వాళ్ళని దాటిపోయింది. కాసేపటికి ఇంకొకటి.

అత్తగారు కాసేపు ఓపిక పట్టింది.

"నాయనా," అంది చివరికి, "నువ్వు మంచి డ్రైవరువని కోర్టే చెప్పింది. కాస్త తొక్కు."